ఎకనామిక్స్‌కి బొమ్మ దొరకలేదు

ఈ ఏడాది ఇక్కడి మా తెలుగువాళ్ల సమాజం హాల్లో విద్యార్థుల సత్కారం జరిగినప్పుడు నాకు కూడా ఒక శాలువా కప్పారు. చేతిలో కొబ్బరికాయ పెట్టారు. "మేనకోడలికి సరైన దారి చూపించిన మేనమామ" అని మైకులో చదివారు. నా మేనకోడలు ముందు వరుసలో కూర్చొని చప్పట్లు కొట్టింది. అవి ఎంత నెమ్మదిగా, ఎంత ఎడంగా పడ్డాయంటే, దోమల్ని చంపుతోందనుకొని పక్కనున్న ఆవిడ కాళ్లు పైకి లాక్కుంది.

అందుకే ఇది రాస్తున్నాను. నేను ఏ దారీ చూపించలేదు. ఆ పిల్ల ఎకనామిక్స్ చదవాల్సింది. మేనేజ్‌మెంట్ చదివింది. మార్కెట్లో డిమాండు చూసి నేనే సలహా ఇచ్చానని ఇన్నాళ్లూ చెప్పుకు తిరిగాను. అసలు సంగతి, ఎకనామిక్స్‌కి నాకు బొమ్మ దొరకలేదు.

ఫాక్‌లాండ్ రోడ్డు మీద ఫ్లెక్స్ బ్యానర్లు వేసే దుకాణంలో నా పని. యజమాని గల్లాపెట్టె దగ్గర ఉంటాడు, కంప్యూటర్ ముందు నేనుంటాను. "భావి నగరసేవకుడు", అంటే కాబోయే కార్పొరేటరు, అని నేను బ్యానర్ వేసిన ఏ ఒక్కరూ ఇంతవరకు గెలవలేదు. ఒకాయనకి సొంత భార్య కూడా ఓటు వేయలేదని తర్వాత తెలిసింది. మా దుకాణం నుంచి బయటికి వెళ్లేవాటిలో కాస్త నమ్మదగినది శ్రద్ధాంజలి బ్యానరొక్కటే. అది కూడా ఒకసారి తొందరపడి వేశాం.

చదువుల బ్యానర్లకి ఒక పద్ధతి ఉంది. డాక్టరుకి మెడలో స్టెతస్కోపు, ఇంజనీరుకి పసుపు హెల్మెట్, వకీలుకి నల్లకోటు, బిజినెస్ చదివినవాళ్లకి బ్లేజరు, వెనకాల పైకి పోయే బాణం. తలకాయ తెచ్చి ఆ ఒంటి మీద అతికిస్తే అయిపోయినట్టే. ఆడవాళ్ల బ్లేజరు బొమ్మ మా దగ్గర ఒక్కటే ఉండేది. ఇన్సూరెన్స్ ఏజెంట్లు, బ్యూటీ పార్లర్ ఆవిడ, మహిళా మండలి కార్యదర్శి, అందరూ ఆ ఒక్క ఒంటి మీదే బతికారు.

మాది చాల్, అంటే వరస గదుల పాత భవనం. పై అంతస్తులో అమ్మా నేనూ ఉంటాం. కింద మా చెల్లెలి సంసారం. బావది పంపింగ్ స్టేషన్లో షిఫ్టు డ్యూటీ. ఇంట్లో ఏది తేల్చాల్సి వచ్చినా "మీ అన్ననడుగు" అనేసి పడుకుంటాడు. అలా, అడక్కుండానే, ఆ ఇంటి పెద్దరికం నా నెత్తిన పడింది. కింద పడేయొచ్చు. కానీ నాకు నచ్చింది.

మేనకోడలు చిన్నప్పటి నుంచీ ప్రశ్నల పుట్ట. "మామా, ఈ గది మనదా?" అని అడిగేది. కాదు, పగిడీ అనేవాణ్ని. అంటే తాతల కాలంలో ఓనరుకి ఒకేసారి కొంత డబ్బిచ్చి దిగడం. తర్వాత అద్దె నామమాత్రం. ఓనరు మమ్మల్ని వెళ్లగొట్టలేడు, గది మాదని మేమూ అనలేం. "మరి మెట్లు విరిగితే ఎవరు బాగు చేయాలె?" అనేది. దేవుడు అనేవాణ్ని. నిజానికి మా మెట్ల విషయంలో దేవుడు కూడా చొరవ తీసుకోలేదు. విరిగిన చెక్క కింద ఎవరో పెట్టిన ఇటుకలు ఏళ్ల తరబడి అలాగే ఉన్నాయి.

పదకొండో క్లాసులోనో పన్నెండులోనో ఒకరోజు పుస్తకం పట్టుకొని పైకి పరుగెత్తుకొచ్చింది. "మామా! మన మెట్ల మీద ఒక సబ్జెక్టే ఉంది!" అంది. అదీ ఎకనామిక్స్. అలాంటి సబ్జెక్టు ఉంటే మెట్లు ఎప్పుడో బాగయ్యేవి కదా అని నేను ఎగతాళి చేశాను.

పన్నెండు పాసయ్యాక, కాలేజీల రెండో మెరిట్ లిస్టులో తన పేరు రెండు చోట్ల వచ్చింది. ఒక కాలేజీలో ఎకనామిక్స్, ఇంకో కాలేజీలో మేనేజ్‌మెంట్. శనివారంలోపు ఎక్కడో ఒకచోట ఫీజు కట్టాలి. గురువారం పొద్దున ఫీజుల సంగతి కనుక్కోవడానికి వెళ్తూ దుకాణం ముందు ఆగింది.

"ఎకనామిక్సే అనుకుంటున్న మామా. నువ్వేమంటవ్?"

"జర ఆలోచించనీ. తొందరేముంది?" అన్నాను. ఆ మాటనేటప్పుడు గడ్డం కూడా గోక్కున్నాను. ఆలోచించేవాళ్లు అలా చేస్తారు.

తను అటు వెళ్లిందో లేదో సమాజం అధ్యక్షుడు తన పుట్టినరోజు బ్యానరు చూసుకోవడానికి వచ్చాడు. మా గల్లీలో వార్త చేరడానికి లిస్టు అక్కర్లేదు, నోరు చాలు.

"ఏం తమ్మీ, మన పోరికి రెండు కాలేజీలల్ల సీటొచ్చిందట! మరి బ్యానరేది? ఇయ్యాలనే కట్టాలె. నా ఫొటో జర పెద్దగ పెట్టు. మరీ పెద్దగొద్దు. పోరి కనపడాలె గద."

పేరు టైపు చేశాను. ఫొటో పెట్టాను. కింద ఎకనామిక్స్ అని కొట్టి బొమ్మ కోసం వెతికాను. నాణేల గుట్ట వచ్చింది, వడ్డీ వ్యాపారిలా ఉంది. గడ్డం తెల్లాయన ఒకడు వచ్చాడు, ఎవరో తెలియదు. చివరికి రెండు గీతలు ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకుంటున్న బొమ్మ వచ్చింది. అదే పెట్టాను.

అధ్యక్షుడు కళ్లజోడు పైకెత్తి చూశాడు. "గిదేంది? తప్పు కొట్టినవా? పోరి ఫెయిలయిందనుకుంటరు!"

"ఎకనామిక్స్ బొమ్మ గిట్లనే ఉంటది అన్నా."

"ఎవడికి సమజైతది? అరే, రెండోది మేనేజ్‌మెంట్ గద? కోటెయ్యి. బాణం పెట్టు. జల్దీ చెయ్, నాకింక వేరే పని లేదనుకున్నవా?"

కోటు వేశాను. అంతకన్నా పెద్ద ఆలోచన ఏదీ జరగలేదు. నాలో ఇంకో ఆశ ఉండింది, అది కూడా చెప్పాలి. చుట్టుపక్కల సందులన్నీ సానివాడలు, అందుకే మా గల్లీ పేరు చెబితే టాక్సీవాడు అద్దంలో చూసి నవ్వుతాడు. ఉద్యోగాల దరఖాస్తుల్లో మా వాళ్లు పక్క పేట పేరు రాస్తారు. అలాంటి గల్లీ మొగదల ఒక ఆడపిల్ల ఫొటో నిలువెత్తున, "హార్దిక్ అభినందన్" అని మరాఠీ అక్షరాలతో, కోటు వేసుకొని నవ్వుతూ ఉంటే చూడాలనిపించింది. ఆ బొమ్మ మెడ తెల్లగా ఉంది, మా పిల్ల ముఖం చామనచాయ. మెడకి కొంచెం రంగు పూశాను. దుకాణంలో ఆ రోజు నేను శ్రద్ధగా చేసిన పని అదొక్కటే.

మధ్యాహ్నానికి మా గల్లీ యువక మండలి కుర్రాళ్లు బ్యానరు కట్టేశారు. అమ్మ కుర్చీ దింపించుకొని దాని కిందే కూర్చుంది. కొత్త చీర కూడా కట్టింది. వచ్చేపోయే వాళ్లకి బ్యానరు చూపించడం, అటు చూడనివాళ్లని పిలిచి మరీ చూపించడం.

"అవ్వా, నీ మనుమరాలు మేడమయితదా?"

"అయితదేంది, అయింది! కోటు కనిపిస్తలేదా?"

సాయంత్రం మేనకోడలు గల్లీ మలుపు తిరిగి ఆగిపోయింది. పైకి చూసింది. తన తల కింద ఉన్న ఒళ్లు తనది కాదని గుర్తుపట్టడానికి దానికి ఎక్కువసేపు పట్టలేదు. మా పిల్లలకి కోపం వస్తే మరాఠీలోకి పోతారు.

"హే కాయ్ ఆహే, మామా?" ఇదేంటని నిలదీసింది. తర్వాత గొంతు తగ్గించి, "నేనింక ఫీజు కట్టనే లేదు గద. నిన్ను అడిగితి గద," అంది.

"ఆలోచించే వేసిన," అన్నాను.

ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు. వచ్చాక ఎంత బాగుందంటే, మళ్లీ వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు. తను నా ముఖంలోకి చూసింది. ఇంకేదో చెబుతానని ఎదురుచూసింది. నేను గడ్డం గోక్కున్నాను.

అప్పుడే పక్కింటావిడ వచ్చి, "పోరి ఎకనామిక్స్ అంటుండె గద?" అని అడిగింది.

"గదంత ఉత్త ముచ్చట. అండ్ల పేరు రాలే," అన్నాను.

ఆవిడ సానుభూతిగా చప్పరించి వెళ్లిపోయింది. ఆ మాట మా మెట్లెక్కి పై అంతస్తు చేరేసరికి, మార్కులు తక్కువొచ్చాయట అని తయారైంది. మేనకోడలు అక్కడే నిలబడి అంతా వింది. అమ్మ చేయి పట్టుకొని పక్కన నిలబెట్టుకుంటే నిలబడింది, ఫొటో తీస్తుంటే నవ్వింది.

బ్యానరు దించడానికి ఒక కత్తెర చాలు. కొత్తది వేయడానికి మిషను నా చేతిలోనే ఉంది. ఇది నాకు శుక్రవారం అంతా తెలుసు. శనివారం పొద్దున కూడా తెలుసు. శనివారం మధ్యాహ్నం తను మేనేజ్‌మెంట్ ఫీజు కట్టి వచ్చింది. అమ్మ ముఖం చూసి లొంగిపోయిందని నాకు నేను చెప్పుకున్నాను. ముసలమ్మ సంతోషం కోసం పిల్ల త్యాగం చేసిందన్నమాట. ఈ కథలో నా వంతు తప్పు చాలా తక్కువ, అందుకే అది నాకు బాగా నచ్చింది.

పోనీ తను నాశనమైందా అంటే, కాలేదు. మంచి మార్కులతో పాసైంది. ఒక కంపెనీలో లోన్లు అమ్మే ఉద్యోగం వచ్చింది, నా జీతం కన్నా ఎక్కువ. నాకు అదే ఇబ్బంది. నాశనమై ఉంటే కాళ్ల మీద పడి ఏడవొచ్చు. బాగుపడినవాళ్లకి క్షమాపణ ఎలా చెప్పాలి?

శాలువా కప్పించుకొని ఇంటికొచ్చాక మొదట అమ్మకి చెప్పాను.

"అమ్మా, దానికి అప్పుడు రెండు చోట్ల పేరొచ్చింది. రాలేదని నేనే అబద్ధం చెప్పిన."

అమ్మ బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు. "దానికెర్కనా?"

"ఎర్కనే."

"నీకెర్క, దానికెర్క. నడుమ నాకెందుకు చెప్తున్నవ్ రా? దానితోని మాట్లాడనీకి భయమా?"

భయమే. అయినా కిందికి వెళ్లాను. మేనకోడలు గ్యాలరీలో రెయిలింగు మీద మోచేతులు పెట్టుకొని నిలబడింది. నేను నోరు తెరవకముందే తనే చెప్పింది: ఎం.ఏ. ఎకనామిక్స్‌కి ఎంట్రన్స్ రాసిందట, సీటొచ్చిందట. సోమవారంలోపు ఫీజు కట్టాలి. కడితే ఉద్యోగం మానేయాలి. ఇంట్లో ఎవరికీ తెలియదు.

నేను బొమ్మల సంగతంతా చెప్పాను. నాణేల గుట్ట, గడ్డమాయన, తప్పు గుర్తు, కోటు. తప్పు గుర్తు దగ్గర పకపకా నవ్వింది. కోటు దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది.

"అంటే నువ్వేం ఆలోచించలే?"

"లేదు."

"నేనేమనుకున్ననో తెలుసా మామా? నువ్వు పొద్దంత దుకాణాలోళ్లతోని మాట్లాడుతవ్. ఎవరి ధంధా నడుస్తది, ఎవరిది మునుగుతది, నీకు ఎర్కుంటదనుకున్న. నాకు కనపడంది ఏదో నీకు కనపడిందనుకున్న. గందుకే కట్టిన ఫీజు. అమ్మమ్మ కోసం కాదు."

కింద ఎవరో బకెట్లు ఈడ్చుకుపోతున్నారు.

"సరే, గిప్పుడు చెప్పు," అంది. "నౌకరీ విడవాల్నా, వద్దా?"

చేయి గడ్డం దాకా వెళ్లింది. దించేశాను.

"నాకు తెల్వదు బిడ్డా."

"అప్పుడు గూడ తెల్వకుండె గద?"

"తెల్వకుండె."

"గా మాటే అప్పుడంటే అయిపోతుండె గద, మామా," అని లోపలికి వెళ్లిపోయింది.

సోమవారం తను ఫీజు కట్టింది. మరునాడు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చింది. మా చెల్లెలు నాతో మాటలు మానేసింది. బంగారం లాంటి నౌకరీ మాన్పించింది నేనే అని ఆమె నమ్మకం. చాల్‌లో అందరూ అదే అంటున్నారు. ఈ ఒక్క విషయంలో నేను నిజంగా ఏమీ చేయలేదు. ఎదురుపడిన వాళ్లందరికీ చెబుతున్నాను, తను సొంతంగా తేల్చుకుందని, అప్పట్లో కూడా తన పేరు రెండు లిస్టుల్లోనూ వచ్చిందని. వింటారు, తలాడిస్తారు, "మేనకోడలి మీద ప్రేమతోని గట్లంటడు, ఏం జేస్తడు పాపం" అనుకుంటూ వెళ్లిపోతారు.