ఆనుకున్న బస్తా

టంగ్… టంగ్… దూదేకే వింటినారి చప్పుడు పర్చూరు వీధి మలుపు దాకా వినిపిస్తోంది. గుంటూరు నుంచి వచ్చిన సైన్సు మాస్టారు అనంతపద్మనాభం అక్కడే ఆగిపోయారు. దూదేకుతున్న నాగూర్ వలి ఇంకా కనపడలేదు. గాలిలో తేలివచ్చిన తెల్లని నూగు మాత్రం మాస్టారి భుజం మీద వాలింది. నిన్నటి నుంచి చెప్పాలనుకుంటున్న మాటను ఆయన మరోసారి మనసులో అనుకున్నారు.

ఏడేళ్ల కిందట, అరవై రెండులో, వలి గుంటూరులో ఒక మిరప కొట్టులో బస్తాలు తొక్కేవాడు. వేలాడగట్టిన గోతంలోకి దిగి, ఎర్రటి కాయల్ని అదిమి అదిమి నింపేవాడు. సాయంత్రానికి పాదాలు నిప్పుల్లా మండేవి.

"కాయ ఊరికే అణగదండీ. మనం తొక్కితే అదీ మనల్ని పైకి తన్నుద్ది" అని నవ్వేవాడు.

ఆ వేసవిలో ఎండకు తాళలేక కాటాను వాకిట్లోంచి తీసి, నీడలో బస్తాల గుట్ట పక్కకు జరిపారు. ముందు వాకిట్లో విడిగా నిలబెట్టి తూచిన పది బస్తాలనే అక్కడ మళ్లీ తూచారు. మెత్తటి బస్తా ముందుకు పడకుండా వెనక దేనికైనా ఆనించడం తొక్కేవాళ్ల అలవాటు. వలి ఒక్కో బస్తానూ కాటా మీద పెట్టి, ఏటవాలు గుట్టకు ఆనించాడు. ఒక్కోటి రెండు మూడు కిలోలు తగ్గింది.

"కాయలకి కాళ్లొచ్చినయ్యంట్రా వలీ?" అన్నాడు షావుకారు. ఎదురింట్లో అద్దెకున్న మాస్టారిని తీర్పు చెప్పడానికి పిలిపించాడు.

"మాస్టారూ, బస్తా గుట్టకి ఆనిందిగదండీ. ఆ గుట్టే కొంచెం మోస్తా ఉందేమోనండీ?" అన్నాడు వలి.

"ఒరేయ్, నన్నూ గోడకానించి తూచరా, సన్నబడతా!" అన్నాడు హమాలీ మరియదాసు. కొట్టంతా గొల్లుమంది.

ఆ నవ్వులో మాస్టారూ కొట్టుకుపోయారు. "ఆనుకుంటే బరువు తగ్గుతుందా వలీ? బరువు ఎక్కడికీ పోదు" అన్నారు.

ఆ మాటలో తప్పేమీ లేదు. అందుకే ఇక ఎవరూ ఎదురడగలేదు. వలి ఇల్లు వెతికారు. అతని భార్య మస్తాన్‌బీ వంటింట్లోని గుప్పెడు కాయలు గుమ్మంలో పోయించి చూశారు. తర్వాత ఏ కొట్టూ అతన్ని రానివ్వలేదు. తండ్రి వదిలిన విల్లు భుజాన వేసుకుని పర్చూరు వెళ్లిపోయాడు.

నిన్న తరగతిలో ప్రతిచర్య పాఠం. వస్తువు బల్లను ఎంత నొక్కితే బల్ల వస్తువును అంత పైకి నెడుతుందని ఏటా చెప్పేదే. చూపిద్దామని మాస్టారు చిన్న కాటా మీద ఇటుకను నిలబెట్టారు. అది ఒరిగి పక్కనున్న పుస్తకాల దొంతరకు ఆనింది. ముల్లు వెనక్కి జారింది. ఇటుక అదే, బరువూ అదే. మోసేవి మాత్రం ఇప్పుడు రెండు. కాటా తాను మోసిన వంతే చెబుతోంది. సుద్దముక్క ఆయన వేళ్ల మధ్య అలాగే ఉండిపోయింది.

మాస్టారు గుమ్మంలోకి వెళ్లగానే విల్లు ఆగింది. వలి దూది పక్కకు నెట్టి చోటిచ్చాడు.

"ఆ రోజు నువ్వన్నదే నిజం వలీ. గుట్ట మోసింది. షావుకారుకి నేనే చెప్తాను."

"ఆయన పోయి రెండేళ్లయిందండీ. మస్తాన్‌బీ పోయి ఏడాది. ఆ రోజు కాడ్నించి ఎండు మిరపకాయ ఇంట్లోకి రానివ్వలేదండీ అది."

"నాకప్పుడు తట్టలేదయ్యా" అన్నారు మాస్టారు, తల ఎత్తకుండా.

వలి నారి సవరించుకున్నాడు.

"తొక్కినోణ్ని, నాకు తెలుసుగదండీ. తెలియక మిమ్మల్ని అడగలేదు మాస్టారూ. మీరు చెప్తే వాళ్లు నమ్ముతారని అడిగాను."