మా అత్త కాచుకున్న గుట్ట

నా చిన్నప్పుడు మా నాయన గుడియాత్తంలో మగ్గం నేసేవాడు. ఆయన అక్క, మా అత్త, లత్తేరి అవతల తన గుట్ట వాలును కాచుకుంటూ ఒంటరిగా ఉండేది. మామ పోయాడు, పిల్లలు లేరు. ఆ వాలు నిండా తంగేడు పొదలు, మేత గడ్డి. సగంలో ఊరి పశువులను మేయనిచ్చి, మిగతా సగానికి ముళ్ళకంప అడ్డం పెట్టేది. మరుసటి ఏడు కంపను మేసిన సగానికి మార్చేది.

వానల్లేని ఒక ఏడు, తోళ్ళు పదును చేయడానికి తంగేడు పట్ట కావాలని ఒక షావుకారు ఆ వాలు మొత్తం కొంటానని అడిగాడు. అత్తను ఒప్పించి మా ఇంటికి తెచ్చుకుందామని నాయన నన్ను వెంటబెట్టుకుని బయలుదేరాడు.

మేము వెళ్ళేసరికి అత్త కంప సర్దుతోంది. మోచేతుల దాకా గీరుకుపోయి ఉంది. నన్ను చూసి నవ్వింది గానీ లేవలేకపోయింది.

"ఇంకా ఎన్నాళ్ళక్కా ఈ పాట్లు? నీ తర్వాత దీన్ని చూసేదెవరు? ఇచ్చేసి మా ఇంటికి వచ్చెయ్," అన్నాడు నాయన.

అత్త చేతిలోని కంపను పక్కన పెట్టింది. "అలిసిపోయినానప్పా, కాదనను. నా తర్వాత సంగతి నాకు తెలీదు. పొద్దున్నే ఈ గుట్టెక్కితే నాకు బతకబుద్ధి అయితాది, అంతే."

ఇంతలో కింది ఊరి ముసలి రైతు ఒకాయన బక్కచిక్కిన ఎద్దులతో వచ్చాడు. "యాడా గడ్డి లేదమ్మా. కంప తియ్యి, వీటిని తోలుకుంటా."

"తోలొద్దు పెద్దాయనా. తొక్కితే దుబ్బులు చస్తాయి. కోసుకో, వానకు మళ్ళా లేస్తాది."

ఆ ముసలాయన వంగలేడని అత్తే కొడవలి పట్టుకుని కంప లోపలికి పోయింది. నాలుగు పిడికిళ్ళు కోసి నడుం పట్టుకుని కూలబడింది. నాయన వెళ్ళి ఆమె చేతిలోని కొడవలి తీసుకున్నాడు. నూలు పట్టే ఆ చేతులు బొబ్బలెక్కేదాకా కోశాడు. నేను మోపులకు గడ్డి పోగేశాను. అమ్మకం మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు.

అత్త బతికున్నంత కాలం అక్కడే ఉంది. ఆమె పోయాక నాయన ఆ వాలును నిలుపుకోలేక అమ్మేశాడు. ఇప్పుడక్కడ ఉత్త రాళ్ళు. అందుకు నాయనను నేనెప్పుడూ తప్పు పట్టలేదు.

ఎవరైనా లాభం లేనిదాన్ని ఒంటిచేత్తో కాచుకుంటూ కనిపిస్తే, ఎందుకని అడగడం నాకు చేతకాదు. నాకూ ఇప్పుడు ఓపిక లేదు. అయినా పక్కన కూర్చుని, అందినంత పని అందుకుంటాను.