రాజ్యలక్ష్మమ్మ వేసిన బూడిద ముద్ర

కోయిలకుంట్ల బజారులో రాజ్యలక్ష్మమ్మను మోసం చేయగల మనిషి ఇంకా పుట్టలేదని అందరూ ఒప్పుకుంటారు. అందరికన్నా ముందు ఆమే ఒప్పుకుంటుంది. శనగలు అమ్మవచ్చిన రైతు గోనెసంచి మూతి విప్పీ విప్పకముందే ఆమె చేయి అడుగుకు పోతుంది. పైన మంచి గింజ, కింద పుచ్చు గింజ పోసే తెలివి ఈనాటిదా? భర్త నాగేశ్వరయ్య బతికున్న రోజుల్లోనూ గద్దె మీద కూర్చున్నది ఆమే. ఆయన వెనక కూర్చుని పొట్లాలు కట్టేవాడు. ఆయన పోయి ఆరేళ్ళయింది, ఇప్పుడు పొట్లాలు కట్టేది కొడుకు వేణుగోపాల్.

అంగడి వెనక కొట్టులో జొన్నల రాశి ఉంటుంది. రోజూ సాయంత్రం ఆమె చెక్కముద్రను బూడిదలో అద్ది రాశి మీద నాలుగు దిక్కులా ఒత్తుతుంది. ఇది కళ్ళాల్లో పాతకాలం నుంచీ ఉన్న పద్ధతి. ఎవరైనా గుప్పెడు గింజలు తీస్తే ముద్ర చెదిరిపోతుంది, దొంగ ఎవరో తెలియకపోయినా దొంగతనం తెలిసిపోతుంది. జొన్నలు ఎత్తుకుపోయే దొంగలు ఈ కాలంలో ఎక్కడున్నారమ్మా అని వేణుగోపాల్ ఒకసారి నవ్వాడు. ముద్ర ఉంది కాబట్టే లేరని ఆమె జవాబు.

ఊరికి ఆమె గురించి ఇంకొకటి తెలుసు. రాజ్యలక్ష్మమ్మ నవ్వదు. ఎంత హాస్యమాడినా పెదవులు బిగించి తల తిప్పుకుంటుంది. తుమ్ము వస్తే బల్ల అంచు పట్టుకుని, కళ్ళు మూసుకుని, యుద్ధానికి పోయినట్టు దాన్ని అణచుకుంటుంది. పెళ్ళిళ్ళకు పోదు, బస్సెక్కి నంద్యాల దాటదు. దుడ్లున్నాయని పొగరు అన్నారు జనం. అనుకోనీలే అని ఆమె ఊరుకుంది. నిజం చెప్పడం కన్నా పొగరనిపించుకోవడమే ఆమెకు నయమనిపించింది.

కోడలు శ్రీవిద్యది ప్రొద్దుటూరు. డిగ్రీ చదివింది, కాలేజీలో పరుగు పందేలు గెలిచింది. పెళ్ళి సామానుతో పాటు నాలుగు కప్పులు కూడా వచ్చాయి. వాటిని అటక మీద పెట్టించింది రాజ్యలక్ష్మమ్మ. పరుగెత్తే కోడలు ఎందుకమ్మా, గద్దె మీద కూర్చునే కోడలు కావాలి గానీ.

నిరుడు శ్రీవిద్యకు నాలుగో నెలలో గర్భం నిలవలేదు. అంతకు ముందు రోజు ఆ పిల్ల బిందె ఎత్తడం రాజ్యలక్ష్మమ్మ కళ్ళారా చూసింది. బిందెకూ దానికీ సంబంధం లేదని నంద్యాల డాక్టరమ్మ చెప్పింది. డాక్టర్ల మాట నమ్మడానికి ఆమె ఏమైనా పిచ్చిదా? ఆ రోజు పూజగదిలో తలుపు వేసుకుని ఏడ్చింది. ఏడ్చిన సంగతి ఎవరికీ తెలియనివ్వలేదు. ఈసారి, అంటే రెండువేల ఏడు చలికాలం నాటికి, కోడలికి ఆరో నెల. మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి మంచానికి, అంతకు మించి అడుగు వేయకూడదని అత్త ఆజ్ఞ. ఈ బిడ్డ దక్కాలి. ఆమెకు ఇంకే కోరికా లేదు.

అట్లాంటి సమయంలో పరుపు కింద ఒక కాగితం దొరికింది.

దుప్పటి మార్చబోతే బయటపడిందది. పెన్సిలుతో గీసిన బొమ్మలు. ఒక ఆడమనిషి మోకాళ్ళ మీద వంగి, చేతులు నేలకు ఆనించి ఉంది. ఇంకో బొమ్మలో వెల్లకిలా పడుకుని మోకాళ్ళు ముడుచుకుంది. పక్కన పది, పది, పది అని అంకెలు. కింద ‘ఊపిరి బిగబట్టవద్దు, మహిమ’ అని రాసి ఉంది. రాజ్యలక్ష్మమ్మ కాగితం మడిచి ఉన్నచోటే పెట్టింది. దొంగకు మనకు తెలుసని తెలియనివ్వకూడదు కదా.

మహిమ అంటే ఎవరో ఆమెకు తెలుసు. ఒకప్పుడు తమ అంగట్లో మూటలు మోసిన గాబ్రియేలు కూతురు. హైదరాబాదులో ఏదో చదివి వచ్చి, నంద్యాల ఆసుపత్రిలో నడుములు, మోకాళ్ళు సరిచేస్తుందని విన్నది. గాబ్రియేలు చర్చిలో పెద్దమనిషి. మోకాళ్ళ మీద వంగిన బొమ్మ, మహిమ సంతకం. రెండూ రెండూ నాలుగు. కోడలిని మతంలో కలుపుతున్నారు.

మరునాడు తలుపు సందులో నుంచి చూసింది. శ్రీవిద్య చాప మీద అచ్చం బొమ్మలో ఉన్నట్టే వంగి ఉంది. కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతూ ఏదో లెక్కబెడుతోంది. ఇంక సాక్ష్యం ఏం కావాలి? రాజ్యలక్ష్మమ్మ చప్పుడు కాకుండా వెనక్కు తగ్గింది. దేవుడు ఎవరైతేనేం, అది తరువాత సంగతి. వాళ్ళు ఉపవాస ప్రార్థనలు చేస్తారని విన్నది. ఈ పిల్ల కడుపు మాడ్చుకుంటే లోపల ఉన్నది ఏమైపోవాలి?

కొడుకును పిలిచి, మీ ఆవిడ ఈ మధ్య ఎవరితోనైనా మాట్లాడుతోందా అని అడిగింది. వేణుగోపాల్ చెమట తుడుచుకున్నాడు. చలికాలంలో చెమట. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నాకేమీ తెలియదమ్మా అని రెండుసార్లు అన్నాడు. ఒకసారి అని ఉంటే నమ్మేదేమో.

ఆ సాయంత్రం రాశి మీద ముద్ర వేశాక, మిగిలిన బూడిదను పెరటి గడప మీద పలుచగా జల్లింది. పొద్దున ఆమె పూజగది తలుపు వేసుకుంటే గంట దాకా బయటికి రాదు. ఇంట్లో ఏం జరిగినా ఆ గంటలోనే జరగాలని లెక్క వేసింది.

పూజ ముగించి వచ్చి చూస్తే గడప మీద బూటు ముద్ర. ఒకటి బయటికి, ఒకటి లోపలికి. జానతో కొలిచింది. కోడలి చెప్పుల కొలత ఆమెకు తెలుసు, కొనిపెట్టింది తానే. ఈ ముద్ర ఒక వేలు ఎక్కువ. కోడలి కాలు కాదు. అయితే మగమనిషి. ప్రార్థన చేయించడానికి పెరటి దారిన ఎవడో వచ్చి పోతున్నాడు. ఇంకొక ఆలోచన కూడా తొంగిచూసింది గానీ, దాన్ని ఆమె అక్కడే తొక్కిపెట్టింది. తొక్కిపెట్టిందే తప్ప అది చావలేదు. రెండో రోజూ అదే ముద్ర. అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు పెద్దలు. ఆ రెండు రోజులు ఆమెకు అన్నం సహించలేదు, అంగట్లో చిల్లర కూడా తప్పు ఇచ్చింది.

మూడో రోజు ఆమె పూజగదిలో దీపం వెలిగించి, రోజూ లాగే గంట వాయించి, చప్పుడు కాకుండా వెనక్కు వచ్చి తలుపు చాటున నిలబడింది. దేవుడికి ఒక్కరోజు ఆలస్యమైతే ఆయనేమీ అలగడులే. కాసేపటికి శ్రీవిద్య శాలువా కప్పుకుని పెరటి గుమ్మం దాటింది. కాళ్ళకు తెల్ల బూట్లున్నాయి.

రాజ్యలక్ష్మమ్మ ఇరవై బారల దూరంలో వెంబడించింది. అప్పుడప్పుడే వెలుగు వస్తోంది. కోడలు చర్చి వైపు తిరగలేదు. నేరుగా జూనియర్ కాలేజీ మైదానానికి పోయింది. అక్కడ ఏడెనిమిది మంది ఆడపిల్లలు గుండ్రంగా పరుగెత్తుతున్నారు. కానిస్టేబుల్ సెలక్షన్లకు తయారయ్యేవాళ్ళు. మధ్యలో మహిమ నిలబడి, మడమ గట్టిగా నేలకేసి కొట్టొద్దని, అడుగులు చిన్నగా వేయమని, మోకాలి కింద ముందరి ఎముక నొప్పి పుడితే దాచకుండా చెప్పమని అరుస్తోంది. శ్రీవిద్య పిల్లల పరుగుకు టైము చూడడానికి విజిలు మెడలో వేసుకుని, ఒక చేతిలో గడియారం, ఇంకో చేతిలో నీళ్ళ సీసా పట్టుకుని, మైదానం అంచున బయలుదేరింది. చేతులు ఊపుతూ, ఆరు నెలల కడుపుతో, నడకో పరుగో తెలియని వేగంతో పోతోంది.

పరుగెత్తుతోంది. పోయిన బిడ్డ చాలక ఈ బిడ్డను కూడా పోగొట్టుకోబోతోంది. ఆ ఒక్క ఆలోచన తప్ప రాజ్యలక్ష్మమ్మకు ఇంకేమీ మిగలలేదు. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని తానే పరుగెత్తింది.

“నిలబడు మే! ఆ బిడ్డ నీదొక్కదానిదే అనుకున్నావా!”

పది అడుగులు కూడా పోలేదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఎవరికీ తెలియకుండా దాచుకున్నది ఆ మైదానం మధ్యలో ఆమెను పట్టుకుంది. వేణుగోపాల్ పుట్టినప్పటి నుంచీ అంతే. మూడు రోజుల నొప్పుల తరువాత పుట్టాడు వాడు. ఆనాటి నుంచి తుమ్మితే, దగ్గితే, గట్టిగా నవ్వితే ఆమెకు మూత్రం ఆగదు. అందుకే నవ్వలేదు, అందుకే పెళ్ళిళ్ళకు పోలేదు, బస్సెక్కలేదు. పరుగెత్తడమైతే ఆ తరువాత ఇదే మొదటిసారి. బూడిదరంగు చీర ముందు నుంచి పాదాల దాకా తడిసింది. కేక విని పిల్లలందరూ ఇటే తిరిగారు. భూమి బీటలిచ్చినా బాగుండునని నిలబడిపోయింది రాజ్యలక్ష్మమ్మ. నల్లరేగడి నేల నిండా బీటలే, అయినా ఒక్కటీ ఆమెను లోపలికి తీసుకోలేదు.

శ్రీవిద్య దగ్గరికి వచ్చింది. అత్త ముఖం చూసింది, తరువాత చీర చూసింది. చేతిలోని నీళ్ళ సీసా మూత తిప్పి, అత్త కుచ్చిళ్ళ మీద, తన చీర మీద కూడా గుమ్మరించింది. తరువాత పిల్లల వైపు తిరిగి గట్టిగా చెప్పింది.

“నా చెయ్యి జారింది. మా అత్త మీద అంతా ఒలకబోసినా. మీరు కానీండి.”

పిల్లలు మళ్ళీ పరుగు మొదలుపెట్టారు. రాజ్యలక్ష్మమ్మకు కళ్ళనీళ్ళు వచ్చాయి. జీవితంలో ఆమె సంచి అడుగున చేయి పెట్టి చూడని సరుకు ఈ పిల్ల ఒక్కతే.

మహిమ వచ్చి ఆమెను చెట్టు కింద గట్టు మీద కూర్చోబెట్టింది. కోడలు పరుగెత్తడం లేదని, నడక మాత్రమేనని, అదీ నంద్యాల డాక్టరమ్మ చూసి సరేనన్నాకే మొదలుపెట్టామని చెప్పింది. నడుస్తూ ఆయాసం లేకుండా మాట్లాడగలిగితే ఆ వేగం మంచిదేనట. నొప్పి అనిపించినా, కళ్ళు తిరిగినా, చుక్క రక్తం కనిపించినా ఆపి ఆసుపత్రికి రావాలట. పరుగు సంగతి బిడ్డ పుట్టి మూడు నాలుగు నెలలయ్యాక, కింది కండరాలు బిగిశాక చూసుకోవచ్చునట. రాజ్యలక్ష్మమ్మ అంతా విని ఒకటే అడిగింది.

“మరి ఆ బూట్లు ఎవురివి?”

“ఆమెవే పెద్దమ్మా. కడుపుతో ఉండేవాళ్ళకు పాదాలు వాస్తాయి. ఒక సైజు పెద్దది కొనుక్కోమని నేనే చెప్పినా.”

అత్తాకోడళ్ళు తడిసిన చీరలతో ఇంటికి నడిచారు. పెరటి గడప దగ్గర రాజ్యలక్ష్మమ్మ ఆగింది. బూడిదలో తెల్లవారుజామున పడిన బూటు ముద్ర ఇంకా ఉంది. దాన్ని చూస్తూ అడిగింది.

“ఆ కాగితంలో వంగుకోని ఉండే ఆడమనిషి... అది ప్రార్థన కాదా?”

శ్రీవిద్యకు నవ్వొచ్చింది గానీ ఆపుకుంది. ఆపుకోవడం ఆ పిల్లకూ అలవాటైందని అప్పుడే అత్తకు తట్టింది.

“నడుంనొప్పికత్తా అది. పండుకోని చేసేది ఇంకోటి ఉండాది, అది కింది బిగువుకు. అయిదో నెల నుంచి తుమ్మితే నాకు ఆగడంల్యా. శానా భయపడినా. ఎవురితో చెప్పుకోవాల? నువ్వు నిరుటి నుంచి నా మీద కోపంగా ఉండావు.”

ఒకే ఇంట్లో, ఒకే గోడకు అటూ ఇటూ ఇద్దరు ఆడవాళ్ళు ఒకే సంగతిని ఒకరికొకరు తెలియకుండా దాచుకున్నారు. కోపం నీ మీద కాదే అని చెప్పాలనుకుంది రాజ్యలక్ష్మమ్మ. చేతకాలేదు. పోయిన బిడ్డ కోసం తానూ ఏడ్చానని మాత్రం చెప్పింది. అది చెప్పాక మిగతాది చెప్పనవసరం లేకపోయింది. చీపురు తెచ్చి గడప మీది బూడిద తానే ఊడ్చేసింది.

ఆ ఆదివారం మహిమ ఇంటికి వచ్చి, గది తలుపు వేసి, అరగంట మాట్లాడింది. ఇన్నేళ్ళ తరువాత పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేనని, కింది కండరాలు బిగించి పది లెక్కబెట్టడం మూడు నెలలు వదలకుండా చేస్తే మాత్రం తేడా తెలుస్తుందని చెప్పింది. పట్టుదల విషయంలో రాజ్యలక్ష్మమ్మకు ఒకరు చెప్పాలా? గద్దె మీద కూర్చునే చేసేది. సరుకు అడిగినవాళ్ళకు కొంతసేపు జవాబు ఉండేది కాదు. పది లెక్క అయ్యాక, ఏం కావాలప్పా అనేది. బజారులో కొందరు ఆమెకు చెవుడు వచ్చిందన్నారు. వేణుగోపాల్‌కు మాత్రం అన్నీ తెలిసి తల్లి దగ్గర దాచినందుకు నెల రోజులు చీవాట్లు తప్పలేదు.

ఎండలు ముదరకముందే శ్రీవిద్యకు ఆడపిల్ల పుట్టింది. మూడు కిలోల బిడ్డ, తల్లీ క్షేమం. అటక మీది కప్పులు దిగాయి, చింతపండుతో తోమింది అత్తే. రాశి మీద ముద్ర మాత్రం మానలేదు. కోడలిని నమ్మింది గానీ ఊరిని నమ్ముతానని ఎవరికీ మాట ఇవ్వలేదు కదా.

ఒకరోజు ఒళ్ళో పిల్లను పెట్టుకుని, పుల్లయ్య అనే రైతుకు కందిపప్పు తూస్తోంది. పిల్ల ఉన్నట్టుండి గట్టిగా తుమ్మి, ఆ చప్పుడుకు తానే బెదిరి, నాయనమ్మ ముఖంలోకి గుడ్లు మిటకరించి చూసింది. రాజ్యలక్ష్మమ్మకు నవ్వు తన్నుకొచ్చింది. అలవాటుగా పెదవులు బిగించబోయింది. ఒక్క క్షణం ఆగి, వదిలేసింది. తల వెనక్కు వాల్చి, నోరారా, అంగడి దద్దరిల్లేలా నవ్వింది. ఏమీ కాలేదు. ఏమీ కాలేదని తెలిశాక ఇంకా నవ్వింది. లోపల గదిలో నుంచి శ్రీవిద్య పరుగున వచ్చి, అత్తను చూసి, గుమ్మం పట్టుకుని నిలబడి తానూ నవ్వసాగింది.

పుల్లయ్య పాతికేళ్ళుగా ఆ అంగట్లో సరుకు కొంటున్నాడు. ఆమె నవ్వడం ఎప్పుడూ చూడలేదు. అత్త వైపు చూశాడు, కోడలి వైపు చూశాడు, చివరికి త్రాసు వైపు చూశాడు.

“ఇంకొకసారి తూయమ్మా,” అన్నాడు.