ఏమీ పెట్టని మడి

తెలకపల్లి దగ్గర అవ్వ పొలంలో పల్లి పంట మీద సేంద్రియ సాగు ప్రయోగం పెట్టుకున్నాను. అవ్వ నాకు చుట్టం కాదు, పొలం ఆమెది. మొదటి రోజే వరస కలిపేసుకున్నాం. మూడు మళ్లు చేశాం. ఒకదానికి అంగడిలో కొన్న బస్తా ఎరువు, అంటే రసాయన ఎరువు. ఒకదానికి పేడ, మూత్రం, బెల్లం కలిపి డ్రమ్ములో పులియబెట్టిన జీవామృతం. మూడోదానికి ఏమీ లేదు. అది ఉంటేనే మిగతా రెండింటి బలం ఎంతో తెలుస్తుంది. ఆర్గానిక్ అని రాసి ఉంటే చాలు, మా అక్క రెండో మాట లేకుండా కొంటుంది. ఆ పద్ధతిలో పంట సరిగా వస్తుందా అన్న అనుమానం నాది. నా డిగ్రీ కూడా ఈ ప్రయోగం మీదే ఆధారపడి ఉంది.

నెలన్నరకు మూడో మడి కూడా నిగనిగలాడింది. నేలలోనే ఏదో గొప్ప ఉందని సంబరంగా రాసుకున్నాను. ఒక ఉదయం చెప్పకుండా వెళ్లేసరికి అవ్వ చెంబుతో ఆ మడిలో జీవామృతం పోస్తోంది.

నాకు ఒళ్లు మండింది. "ఏం జేస్తున్నవవ్వా? దానికేం పోయొద్దని ఎన్నిసార్లు చెప్పిన?"

అవ్వ చెంబు కింద పెట్టలేదు. "ముగ్గురు పిల్లలు ఒక్కతాన కూసుంటే ఇద్దరికి పెట్టి ఒకరిని ఎండబెడ్తమా బిడ్డా? రోజు చూడలేకపోయిన. జరంతనే పోసిన."

"గా జరంతతోనే నా ఏడాది పోయింది" అన్నాను. నిజంగానే పోయింది. ఆ పంట లెక్కలన్నీ కొట్టేసి మళ్లీ మొదలుపెట్టమన్నారు మా గైడు. వారం రోజులు అటు పోలేదు. కోపం తగ్గాక అవ్వ మీద బెంగ పట్టుకుంది.

మరుసటి ఏడు మళ్లీ అక్కడే వేశాను. ఏమీ పెట్టని మడిని మాత్రం ఆముదం సాళ్ల వెనక, అవ్వ కంటికి కనబడని చోట పెట్టాను. "గటు దిక్కు పోను, నీ మీద ఒట్టు" అంది. పోలేదు. దానికి నీళ్లు కట్టాలన్నా నన్నే పంపేది.

పంట పీకాం. జీవామృతం మడి బస్తా ఎరువు మడికంటే కొంచెమే తక్కువ తూగింది. మూడో మడిలో అన్నీ సన్నకాయలే, చాలావాటిలో ఒంటి గింజ. నా లెక్క నిలబడింది, డిగ్రీ గట్టెక్కింది. సంతోషంగా తలెత్తితే, అవ్వ ఆ సన్నకాయలను ఒడిలోకి ఏరుకుంటోంది.

"గవెందుకవ్వా?"

"ఇత్తనాలకు దాస్త. పంటంత పస్తులున్నయి. వచ్చే ఏడు వీటికి కడుపునిండ పెడ్త."

ఇలాంటి కాయలు విత్తనానికి పనికిరావని చెప్పబోయాను. ఇన్నేళ్లు పల్లి వేసిన అవ్వకు ఆ సంగతి తెలియక కాదు. ఆ కాయలు పోయడానికి సంచి మూతి విప్పి పట్టుకున్నాను.