బందరు పంపిన పులిహోర

బందరు పాత రేవులో ఒక్క ఓడా కనిపించలేదు. ఎండుచేపలు అమ్ముతున్న ముసలమ్మతో, "ఏందవ్వా, ఒకప్పుడు దేశదేశాల ఓడలు ఈడికే వస్తాండెనంట! ఇప్పుడు మా కర్నూలు బస్టాండే నయం, బస్సులన్నా ఉండాయి" అన్నాను.

"కర్నూలా బాబూ? మీ ఊరు వరదలో మునిగినప్పుడు మా పేటంతా కలిసి పులిహోర పొట్లాలు పంపాం. ఉప్పెనలు చూసినోళ్లం గదా, ఎవరు మునిగినా ముందు అన్నం పంపుతాం. మీకు అందిందా?"

అందింది. అప్పుడు ఎనిమిదేళ్లవాణ్ణి. మిద్దె మీద కూర్చుని, పులుపెక్కువైందని ఆ పొట్లాన్ని వరదనీళ్లలోకి విసిరి అందరినీ నవ్వించాను.

"అందిందవ్వా. శానా బాగుండె" అన్నాను.

ఆమె ముఖం వెలిగిపోయింది. "తిన్నారంట! బాగుందంట!" అని పక్క బుట్టల వాళ్లకు కేకేసింది.

ఆ మాట రేవు చివరిదాకా పాకుతుంటే, నేను ఎండుచేపల కళ్లలోకి కూడా చూడలేకపోయాను.