గోడకూ బంపరుకూ మధ్య

అతన్ని అందరూ ఊపుడు మేస్త్రి అనేవారు. ఆ పేరు పెట్టిన పుణ్యాత్ములెవరో గానీ, వాళ్లకు పని తక్కువ, నోరు ఎక్కువ అయ్యుంటుంది. అతని గ్యారేజీలో ఒక పద్ధతి ఉండేది. హ్యాండిల్ వేసి తిప్పే పాతకాలపు ఇంజను ఏది వచ్చినా సరే, ముందు ఒక మనిషి సీటులో కూర్చుని గేరు రాడ్డును అటూ ఇటూ ఊపి చూడాలి. హ్యాండిల్ దగ్గర నిలబడ్డవాడు "ఊపావా?" అని అడగాలి. లోపలున్నవాడు "ఊపాను" అనాలి. ఆ మాట చెవిన పడందే హ్యాండిల్ మీద చెయ్యి వెయ్యకూడదు. రాడ్డు వదులుగా ఊగితే బండి న్యూట్రల్‌లో ఉన్నట్టు, నిలబడ్డ చోటే ఉంటుంది. బిగుసుకుని ఉంటే గేరులో ఉన్నట్టు. అప్పుడు గనక తిప్పితే, ఇంజను అందుకోగానే బండి ముందుకు దూకుతుంది. ముందు నిలబడ్డవాడి గతి వేరే చెప్పక్కర్లేదు.

వీధిలో వాళ్లకు ఇదొక తమాషా. టీ కొట్టువాడు స్టవ్ వెలిగించబోతే ఒకడు, మంగలి కత్తి నూరుతుంటే ఒకడు, "ఊపావా?" అని అరిచేవాడు. మేస్త్రి కూడా నవ్వి ఊరుకునేవాడు. నవ్వనిది అతని వదిన ఒక్కతే. గ్యారేజీ ముందుగదిలో కూర్చుని కార్ల సీటు కవర్లు కుట్టే ఆవిడ, ఆ మాట వినపడగానే మిషను ఆపేసేది. కాసేపటికి మళ్లీ మొదలుపెట్టేది.

ఆ గ్యారేజీ మొదట మేస్త్రి అన్నయ్యది. తమ్ముడికి పని నేర్పింది అన్నే, గేరు ఊపి చూడమని నెత్తిన మొట్టి మొట్టి చెప్పిందీ అన్నే. అలాంటి మనిషి డాక్టరుగారి నల్లకారు స్టార్టు కావడం లేదని కబురొస్తే ఒక్కడే వెళ్లాడు. కారు వాళ్లింటి వెనక షెడ్డులో, గోడ వైపు మొహం పెట్టి ఉంది. గోడకూ బంపరుకూ మధ్య నిలబడి హ్యాండిల్ తిప్పాడు. ఇంజను అందుకుంది, కారు దూకింది. గోడ ఎక్కడికీ పోదు కదా. ఎనిమిదిమంది పట్టి కారును వెనక్కి లాగేసరికే అంతా అయిపోయింది.

తర్వాత వచ్చినవాళ్లు, వెళ్లినవాళ్లు, ఏమీ తెలియనివాళ్లు అందరూ ఒకటే అన్నారు: గేరు చూసుకోలేదు. నమ్మకంగా పని చేసిన ఒక మనిషి బతుకుని రెండు ముక్కల్లో తేల్చేశారు. డాక్టరుగారు షెడ్డుకి తాళం వేయించారు. మళ్లీ తియ్యలేదు.

తమ్ముడికి జుట్టు నెరిసింది. ఒకరోజు డాక్టరుగారి కూతురు గ్యారేజీకి వచ్చింది. తండ్రి పోయారట, ఇల్లు ఖాళీ చేస్తున్నారట.

"ఆ కారు నడిస్తే ఒకాయన తీసుకెళ్లి తన మ్యూజియంలో పెట్టుకుంటానన్నారు. లేకపోతే తుక్కువాళ్లు వచ్చి అక్కడే ముక్కలు కోసి పట్టుకెళ్తారు. మిమ్మల్ని అడగడానికి నాకు మొహం చెల్లడం లేదు. కానీ పాత ఇంజన్లంటే అందరూ మీ పేరే చెప్తున్నారు."

అతను వెంటనే ఒప్పేసుకున్నాడు. ఆవిడే ఆశ్చర్యపోయింది. ఇన్నేళ్లుగా అతని గొంతులో అడ్డం పడి ఉన్నది ఒకటుంది. తనకు నేర్పినవాడే ఎలా మర్చిపోయాడు? ఆ కారు తుక్కయిపోతే ఇక జవాబు చెప్పేవాళ్లు లోకంలో ఎవరూ మిగలరు. వదినకు మాత్రం పొలం మోటారు బాగుచెయ్యడానికి వెళ్తున్నానని చెప్పాడు.

షెడ్డు తలుపు తియ్యగానే పాత నూనె వాసన, ఎలుకల వాసన కలిసి మొహానికి కొట్టాయి. కప్పులో ఒక గాజు పెంకు, దానిమీద మకిలి. ఆ వెలుగులో కారు మసకగా, వచ్చినవాడెవరో ముందే తెలిసినట్టు నిలబడి ఉంది. కారు ముందున్న సున్నపు గోడకు మోకాళ్లెత్తు నుంచి నడుమెత్తు దాకా ఒక మాసిక. పగిలిన చోట ఎవరో హడావుడిగా మళ్లీ సున్నం పూసి వదిలేశారు. వేలు తగిలిస్తే తెల్లగా రాలుతోంది. అతను అటు చూడకుండా పనిలోకి దిగాడు.

మొట్టమొదట చేసింది స్టీరింగ్ పక్కనున్న గేరు రాడ్డు ఊపి చూడటమే. వదులుగా ఊగింది. ఆ రోజు కారు లాగినవాళ్లెవరో గేరు తీసుంటారనుకున్నాడు. టైర్లలో గాలి కొట్టాడు. నిలవదనుకున్నది నిలిచింది. అదేమిటో అతనికి అంత సంతోషం కలగలేదు. తోటమాలిని పిలిచి ఇద్దరూ కలిసి వెనక్కి లాగబోతే కారు ఇంచు కూడా కదల్లేదు. బ్రేకులు పట్టేసి ఉంటాయిలే, తర్వాత చూద్దామనుకున్నాడు. ముందు ఇంజను సంగతి తేలాలి.

ఏళ్ల తరబడి నిలబడిపోయిన ఇంజనుకి ఒకేసారి కరెంటు ఇస్తే లోపల తుప్పు పట్టినవన్నీ విరుగుతాయి. ప్లగ్గులు విప్పి, ఆ కన్నాల్లో నూనె పోసి నానబెట్టాలి. రోజుకి కొంచెం చొప్పున హ్యాండిల్‌తో చేత్తోనే తిప్పుతూ పోవాలి. మొదటిరోజు, ప్లగ్గులు లేని ఇంజను అందుకునేది లేదు కదా అని, బంపరు ముందు పీట వేసుకుని, దానిమీద కూర్చుని తీరిగ్గా తిప్పాడు. కదిలింది. కానీ మహా బరువుగా కదిలింది. కదిలినప్పుడల్లా కారు వెనక నుంచి ఒక చప్పుడు, ఎవరో నేల మీద కాలు ఈడ్చినట్టు. తిప్పడం ఆపితే అదీ ఆగేది.

"ఎవరది?" అన్నాడు. పలికితే ఏం చేసేవాడో అతనికే తెలియదు.

మర్నాడు పీట సరిగ్గా ఇమడలేదు. నిన్న ఇంకోలా వేసుకున్నానేమో అనుకుని దాన్ని పక్కన పడేసి, గొంతుకూర్చుని తిప్పాడు. ఆ తర్వాతి రోజు మోచెయ్యి గోడకు గీసుకుంది. ఒళ్లు చేసినట్టున్నానని తనలో తనే నవ్వుకున్నాడు గానీ ఆ నవ్వు పెదాలు దాటలేదు. ఇంకొక రోజు గడిచేసరికి వీపుకి గోడ తగిలింది. చల్లగా ఉంది. షెడ్డు తాళంచెవి చూస్తే తన జేబులోనే ఉంది. రాత్రిళ్లు ఎవరొస్తారు, ఏ దారిన వస్తారు? ధైర్యం చేసి బంపరు వైపు చూశాడు. హెడ్‌లైట్లు రెండూ సరిగ్గా అతని మొహం ఎత్తులో ఉన్నాయి. గాజుల్లో తన మొహం రెండుగా కనిపించింది. రెండూ అన్న పోలికే. సామాన్లు అక్కడే వదిలేసి, పట్టపగలే ఇంటికొచ్చేశాడు.

చొక్కా విప్పి తీగ మీద వేస్తుంటే వదిన వెనక నుంచి చూసింది.

"అబ్బాయ్, నువ్వు పొలానికి వెళ్లడం లేదు," అంది.

అతను చొక్కా తిప్పి చూశాడు, వీపు మీద సున్నం.

"ఆ గోడ సున్నం నాకు తెలుసు. ఆ రోజు మీ అన్న చొక్కాకి కూడా వీపు మీద ఇలాగే అంటుకుని వచ్చింది. ఎంత ఉతికినా పోలేదు. ఎవరికీ చెప్పకుండా ఆ షెడ్డుకే పోతున్నావు కదూ?"

"అవును వదినా. చెప్తే వద్దంటావని."

"వద్దంటాను కాక రమ్మంటానా! అయినా వీపుకి సున్నం అంటుకునేంత ఇరుకులో ఎందుకు నిలబడ్డావు? నీకు బుద్ధి లేదూ?"

"ఇరుకు లేదు. మొదటిరోజు పీట వేసుకుని కూర్చున్నాను, కాళ్లు చాపుకుని మరీ."

ఆ మాట అన్నాక అతనికీ వినపడింది తనేమన్నాడో. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆవిడ చేతిలో కత్తెర పక్కన పెట్టేసింది.

"ఇక వెళ్లకు. నీ కాళ్లు పట్టుకుంటాను, దాన్ని కోసెయ్యనీ వాళ్లని."

వెళ్లనన్నాడు. పొద్దున లేచి వెళ్లాడు. అలాంటి మనిషే మరి.

ఈసారి ముందుకి పోకుండా, కారు వెనక నేల మీద బోర్లా పడుకుని చూశాడు. ఏళ్లనాటి దుమ్ము మందంగా పేరుకుని ఉంది. టైరు జరిగినంత మేరా ఆ దుమ్ములో నున్నటి దారి పడింది. ఆ దారి ఒక్కసారిగా పడింది కాదు. కొంత దూరానికి ఒక చిన్న గట్టు, మళ్లీ కొంత దూరం, మళ్లీ ఒక గట్టు. ఏ రోజు తిప్పుడు ఎక్కడ ఆగిందో అక్కడ ఒక గట్టు. కారు రాత్రిపూట నడవడం లేదు. పగలు, తన చేతులతో తనే దాన్ని తన మీదికి తెచ్చుకుంటున్నాడు. వెనక కాలు ఈడ్చినట్టు వినపడింది ఆ టైరే.

అంటే కారు గేరులో ఉంది. రాడ్డేమో లేనట్టు ఊగుతోంది.

కారు కిందికి దూరి టార్చి వేశాడు. రాడ్డు నుంచి గేర్‌బాక్సుకి వెళ్లే కమ్మీ చివర దాన్ని పట్టి ఉంచే బుష్ అరిగి అరిగి మాయమైపోయింది. కమ్మీ ఊడి గాల్లో వేలాడుతోంది. డాక్టరుగారు కారు ఆపినప్పుడల్లా ఫస్టు గేరులో పెట్టి దిగేవారు. ఆ రోజు అన్న రాడ్డును న్యూట్రల్‌కి తెచ్చాననే అనుకున్నాడు. అలా తెస్తుంటేనే కమ్మీ ఊడిపోయింది, గేరు మాత్రం లోపల అలాగే ఉండిపోయింది. పైన ఎంత ఊపినా రాడ్డు ఊగుతుంది, న్యూట్రల్ అంటుంది. కారు అబద్ధం చెప్పింది. మొదట తనూ నమ్మాడు.

అతను దేన్నీ ముట్టుకోలేదు. బయటికొచ్చి మొహం కడుక్కుని, తిన్నగా వదిన దగ్గరికి వెళ్లాడు. ఆవిడను ఎలా ఒప్పించాడో నాకు తెలియదు. రిక్షా దిగి షెడ్డు గుమ్మంలో ఆవిడ చాలాసేపు నిలబడిపోయింది. తర్వాత కొంగు బిగించుకుని లోపలికొచ్చి, డ్రైవరు సీట్లో కూర్చుంది. చెయ్యి అలవాటుగా సీటు కవరు కుట్టు తడిమింది. అది పెళ్లయిన కొత్తలో తను కుట్టిందే.

అతను మడ్‌గార్డు పక్కగా కూర్చుని, చెయ్యి మాత్రం ముందుకి చాపి హ్యాండిల్ పట్టుకున్నాడు.

"వదినా, ఊపావా?"

ఇన్నేళ్లలో ఆవిడను ఆ మాట అడిగినవాడు లేడు. రాడ్డు పట్టుకుని అటూ ఇటూ ఊపింది.

"ఊపాను."

"ఎలా ఉంది?"

"వదులుగానే ఉంది. న్యూట్రలే."

అతను హ్యాండిల్ తిప్పాడు. కారు ఆవిడను మోసుకుంటూ గోడ వైపు నెమ్మదిగా జరిగింది. బంపరు వెళ్లి సున్నపు మాసికను ఆనుకుంది. ఆవిడ కెవ్వున అరిచి రాడ్డు వదిలేసింది.

"అన్న కూడా ఊపాడు వదినా," అన్నాడతను. "మర్చిపోలేదు. ఊపి చూసే తిప్పాడు."

ఆవిడ ఏడవలేదు. గోడ వైపు చూస్తూ మాట్లాడింది.

"ఆ రోజు పొద్దున నేను గొడవపడ్డాను. ఏదో చిన్నదానికే, ఇప్పుడు గుర్తు కూడా లేదు. మొహం మాడ్చుకుని వెళ్లారు. మనసు నా మీద పెట్టుకుని గేరు మర్చిపోయారనుకున్నాను. నేనే చంపానని, అబ్బాయ్, ఇన్నేళ్లూ నేనే చంపానని…"

తన గొంతులో ఉన్నది ప్రశ్న. ఆవిడ ఇన్నాళ్లూ గుండెల మీద పెట్టుకు తిరిగింది బండరాయి. ఒకే కప్పు కింద ఉంటూ ఒకరికొకరు చెప్పుకోలేదు.

ఆవిడ స్టీరింగ్ మీద చెయ్యి వేసింది. "స్టార్టు చెయ్యి. విని పోదాం."

అతను కిందికి దూరి పటకారుతో గేరును న్యూట్రల్‌లోకి లాగాడు. ఒక్కడే భుజం ఆనించి తోస్తే కారు పసిపిల్లలా వెనక్కి దొర్లింది. ప్లగ్గులు బిగించి, కొత్త బ్యాటరీ కలిపి, కార్బురేటర్‌లో కాస్త పెట్రోలు పోశాడు. వదిన తాళం తిప్పి పట్టుకుంది. ఇంజను రెండుసార్లు దగ్గింది. మూడోసారి అందుకుంది. షెడ్డంతా నీలం పొగ కమ్మేసింది, గాజు పెంకు గలగలలాడింది. కారు మాత్రం ఉన్నచోటే నిలబడింది.

అతను పొగలోంచి నవ్వుతూ లేచి చూశాడు. వదిన చేతులు రెండూ ఒళ్లోనే ఉన్నాయి. కళ్లు రాడ్డు మీదున్నాయి. ఇంజను అదురుకి కింద ఊడిన కమ్మీ కదిలి, పైన రాడ్డు దానంతటదే ఊగుతోంది. ఎవరో పట్టుకుని పరీక్ష చేస్తున్నట్టు అటు ఒకసారి, ఇటు ఒకసారి, ఆగి, మళ్లీ అటూ ఇటూ. అన్న చెయ్యి వాటం అదే. అదురేనని అతనికి తెలుసు. తెలిసీ ఆపడానికి చెయ్యి రాలేదు.

"చూశావా," అంది వదిన. ఇంజను మోతలో ఆ మాట లీలగా వినపడింది. "ఊపుతున్నారు."