మలక్కా కోట గుమ్మం దగ్గర మా అత్త

మెర్డెకాకు, అంటే మలయా స్వాతంత్ర్యానికి, ముందు ఏడాది మా అత్తను మలక్కా తీసుకెళ్లాను. అత్త అంటే నా పెనిమిటి తల్లి. పదేళ్ల పిల్లగా శ్రీకాకుళం నుంచి తండ్రి వెంట ఓడెక్కి వచ్చింది. నలభై ఏళ్లుగా బటాంగ్ బెర్జుంటైలో రబ్బరు చెట్లు గీస్తున్నా చుట్టుపక్కల తోటలు దాటి ఎక్కడికీ వెళ్లలేదు. ఇండియా వెళ్లిపోదామా, ఇక్కడే ఉందామా అని ఇంట్లో రోజూ వాదన. నా భర్త వెళ్దామనేవాడు. నాకేమో ఇక్కడ వదిలి వెళ్లాలంటే గుబులు. ఆవిడ ఏదీ తేల్చేది కాదు.

అవి ఇంగ్లీషువాళ్లు పెట్టిన ఎమర్జెన్సీ రోజులు. అడవిలో దాక్కున్న కమ్యూనిస్టులకు తిండి అందకూడదని తోట చుట్టూ ముళ్లకంచె వేశారు. వండిన అన్నం మెతుకు కూడా గేటు దాటనిచ్చేవారు కాదు. అది తెలిసీ అత్త దారిలో తినడానికి పులిహోర కలిపి తెచ్చింది. గేటు దగ్గర మలాయ్ పోలీసు గిన్నె మూత తీసి చూసి, పారబొయ్యమన్నాడు.

"పారబొయ్యడం ఏటి? ఇక్కడే తినేస్తే నీకేటి అడ్డు?" అని అతని భాషలోనే అడిగింది అత్త.

అతను తినమన్నట్టు తలూపాడు. కంచె పక్కనే చతికిలబడి ఇద్దరం గిన్నె ఖాళీ చేశాం. బస్సు హారన్ మోగుతున్నా ఆవిడ తొందరపడలేదు. చివరికి ఆ పోలీసే బస్సును ఆపి ఉంచాడు.

మలక్కాలో పాత కోటకు మిగిలింది ఒక్క గుమ్మం. వెనక కొండమీద కప్పులేని చర్చి. ఊరంతా ఆ రాళ్ల చుట్టూనే అల్లుకుంది. అత్త గోడమీద అరచెయ్యి ఆనించింది.

"ఇది ఎవలు కట్టినారే?"

"పోర్చుగీసువాళ్లు. తరవాత డచ్చివాళ్లు పట్టుకున్నారు. ఇంగ్లీషువాళ్లు వచ్చి కూలగొట్టారు."

"ఆలంతా ఎల్లిపోనారా?"

"ఇంగ్లీషువాళ్లే మిగిలారు. వచ్చే ఏడాది వాళ్లూ వెళ్తారంట."

గుమ్మం నీడలో చెరకురసం అమ్ముతున్న చీనా ముసలాయన్ని, గొడుగులేసుకుని పోతున్న మలాయ్ ఆడవాళ్లని చూపించి, "మరి ఈలు?" అంది.

"వీళ్లెక్కడికి వెళ్తారు? ఇక్కడివాళ్లే కదా."

"అయితే నానూ ఇక్కడిదాన్నే," అంది అత్త.

అన్నాళ్ల నా గుబులు ఆ ఒక్క మాటతో దిగిపోయింది.

మెర్డెకా వచ్చాక పౌరసత్వం కోసం ఆఫీసుకు వెళ్లాం. ఎన్నాళ్లుగా ఇక్కడున్నావని ఆఫీసరు మలాయ్‌లో అడిగాడు.

"నువ్వు పుట్టకముందు నుంచీ లా," అంది ఆవిడ, మలాయ్‌వాళ్లలాగే మాట చివర 'లా' తగిలించి.

అతను నవ్వి, వేలిముద్రకు సిరా ముందుకు జరిపాడు. నా భర్త ప్రయాణం మాట మళ్లీ ఎత్తలేదు. అత్త ఆ పౌరసత్వం కాగితానికి పటం కట్టించి, అప్పన్న దేవుడి పటం పక్కనే మేకు కొట్టి వేలాడదీసింది.